పిల్లి గిన్నెలో ఏముండాలి? మొదటి శీలం గురించి ఒక ప్రశ్న



హనుమకొండలో ఒక ఆదివారం వందన అయిపోయి చాపలు చుడుతున్నప్పుడు ఒక చెల్లె దగ్గరికొచ్చింది. అందరి ముందు అడగడానికి మొహమాటపడి అప్పటిదాకా ఆగినట్టుంది. "అన్నా, నవ్వొద్దు. మా ఇంట్ల పిల్లి ఉన్నది. ధమ్మం తీసుకున్నకాన్నుంచి మేం నీసు బంద్ పెట్టినం. పిల్లికి గూడ పెరుగుబువ్వే పెడుతున్నం. అది చిక్కిపోతున్నది. దానికి కోడి మాంసం పెడితే మొదటి శీలం తప్పినట్టేనా?"

నేను నవ్వలేదు గానీ పక్కన చాప మోస్తున్న ఒకాయన నవ్విండు. పిల్లికి బిచ్చం పెట్టనోళ్లు ఉన్న లోకంలో పిల్లికి శీలం నేర్పేటోళ్లు కూడా ఉన్నరా అన్నడు. నవ్వులాటకే అన్నా, ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆ చెల్లె అడిగింది ఒక్క పిల్లి సంగతి కాదు. మనం ధమ్మం తీసుకున్నప్పుడు దేన్ని తీసుకున్నాం, వదిలిపెట్టామనుకున్నదాన్ని తెలియకుండా మళ్లీ దేన్ని వెంట తెచ్చుకున్నాం అన్న ప్రశ్న అందులో ఉంది. అందుకే ఈ చిన్న పుస్తకంలో ఒక పిల్లి గిన్నె దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం.

ముందు వాళ్లింటి సంగతి. ఆ పిల్లిని కూతురు తెచ్చింది, వానాకాలంలో మోరీ పక్కన దొరికితే. మొదట్లో అది బయట తిరిగి ఎలుకనో, తొండనో పట్టుకుని బతికేది. ఒక బుద్ధ పూర్ణిమ నాడు ఎలుకను నోట కరుచుకొచ్చి సరిగ్గా బుద్ధుని పటం ముందు పెట్టిందట. ఇంట్లో అందరికీ మనసు చెడింది. అప్పటినుంచి తలుపు వేసి ఉంచుతున్నారు. పాలు, పెరుగన్నం, అప్పుడప్పుడు రొట్టెముక్క. ఏడాది గడిచింది. బొచ్చు అట్టలు కట్టింది. మాపటి పూట గోడ మీదికి దూకబోయి గురి తప్పి కింద పడుతున్నది. "ముసలిది గూడ కాదన్నా" అన్నది ఆ చెల్లె.

పశువుల డాక్టరుకు చూపించమన్నాను. మన దగ్గర మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది కాబట్టి వరంగల్ వాళ్లకు ఇది దూరాభారమేమీ కాదు. డాక్టరు చెప్పింది ఆమె వచ్చి నాకు చెప్పింది. ఆ తర్వాత నేనూ కొంత చదివాను. అది మీకూ తెలియాలి. ఎందుకంటే ఇక్కడ ధర్మసందేహం తీరాలంటే ముందు ఒంటి సంగతి తెలియాలి.

మనిషి ఒళ్లు సర్దుకునే ఒళ్లు. తిండిలో మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు తగ్గితే, ఖర్చు తగ్గించుకుంటుంది. బియ్యంలో లేనిది పప్పులో తీసుకుంటుంది, పప్పులో లేనిది బియ్యంలో తీసుకుంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దమనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. పిల్లి సంగతి వేరు. దాని కాలేయం ప్రొటీన్‌ను కాల్చి శక్తి తీసుకునే పని రాత్రింబగళ్లు చేస్తూనే ఉంటుంది. తిండిలో ప్రొటీన్ తగ్గినా ఆ మంట మనలో తగ్గినట్టు తగ్గదు. బయటినుంచి రాకపోతే సొంత కండనే కరిగించుకుంటుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లో వేసిన లెక్కతో చూస్తే నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు 12, 13 గ్రాములు కావాలి. అంటే కిలోకు మూడు గ్రాములకు పైనే, మనకన్నా మూడు నాలుగింతలు. పిల్లి దాణా చేసే కంపెనీలకు అమెరికాలో పెట్టిన ప్రమాణం చూడండి: తేమ తీసేసిన దాణాలో పెద్ద పిల్లికి కనీసం 26 శాతం, ఎదిగే పిల్లకూ చూడి పిల్లికీ 30 శాతం ప్రొటీన్ ఉండాలి. కుక్కకు 18 శాతం చాలు. ఇంట్లో కుక్క మన బువ్వ తిని ఎట్లాగో బతుకుతుంది, పిల్లి బతకదు అనడానికి ఇదొక కారణం.

ఇప్పుడు పెరుగన్నం లెక్క చూడండి. వంద గ్రాముల అన్నంలో రెండున్నర గ్రాముల ప్రొటీన్. యాభై గ్రాముల పెరుగులో ఒకటిన్నర, మహా అయితే రెండు. ఈ రెండూ తింటే పిల్లికి కడుపు నిండినంత పని అవుతుంది. కానీ వచ్చింది నాలుగున్నర గ్రాములు. కావాల్సిన దాంట్లో సగం కూడా కాదు. ఆ చెల్లె అబద్ధం చెప్పలేదు, రోజూ కడుపునిండా పెట్టింది. కడుపు నిండింది గానీ ఒళ్లు ఎండింది.

ఎంత అన్నది ఒక సంగతి, ఏది అన్నది ఇంకో సంగతి. టారిన్ అనే పదార్థం ఒకటుంది. మన ఒళ్లు దాన్ని తయారు చేసుకుంటుంది. పిల్లి చేసుకోగలిగేది దాని అవసరానికి చాలదు. బియ్యంలో, పప్పులో, కూరగాయల్లో అది దాదాపు ఉండదు. పాలల్లో ఉన్నది లెక్కలోకి రాదు. మాంసంలో, చేపలో, అందులోనూ గుండెకాయలాంటి నల్ల మాంసంలో దండిగా ఉంటుంది. అది లేకపోతే పిల్లుల కంటిపొర చెడిపోతుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో శాస్త్రవేత్తలు తేల్చారు. గుండె జబ్బును తొందరగా గుర్తుపట్టి టారిన్ ఇస్తే చాలా పిల్లులు కోలుకుంటాయి. కంటిపొరలో పోయింది మాత్రం తిరిగిరాదు. ఇంకొకటి, క్యారెట్‌లోని రంగు పదార్థాన్ని మన ఒళ్లు విటమిన్ ఏ గా మార్చుకుంటుంది. పిల్లి ఒళ్లుకు ఆ పని రాదు. విటమిన్ ఏ తయారుగా ఉన్న తిండే కావాలి, అంటే కార్జం లాంటిది.

గోడ మీదికి దూకబోయి పడిపోయిన పిల్లి సంగతి ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక ధమ్మం మాటకొద్దాం. మొదటి శీలం ప్రాణం తీయడానికి దూరంగా ఉండమంటుంది. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది సకల ప్రాణుల మీద కరుణ చూపమని, వాటిని కాపాడమని. ఆ చెల్లె ఇంట్లో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. కోడిని కాపాడాలంటే పిల్లి ఎండిపోతుంది. పిల్లిని కాపాడాలంటే ఎవరో కోడిని కోస్తారు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు ఏనాడో అన్నారు. చెలగాటం కూడా కాదు, పిల్లికి అది తిండి.

వినయ పిటకంలో సీహ సేనాపతి కథ ఉంది. మనలాంటి వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన కథ. ఎందుకంటే సీహుడు పుట్టుకతో బుద్ధుని అనుచరుడు కాదు, మారినవాడు. వైశాలిలో పెద్ద సేనాపతి. అంతకుముందు నిగంఠులను, అంటే జైన మునులను ఆదరించేవాడు. బుద్ధుని దగ్గర ధమ్మం విని, భిక్షు సంఘంతో సహా ఆయన్ను భోజనానికి పిలిచాడు. ఒక మనిషిని పిలిచి, అంగట్లో తయారుగా ఉన్న మాంసం దొరుకుతుందేమో చూసి రమ్మన్నాడు. భోజనం వడ్డించే వేళకు నిగంఠులు ఊరి వీధుల్లో చేతులెత్తి అరవడం మొదలుపెట్టారు, సీహుడు పెద్ద జంతువును చంపించి గౌతమునికి పెడుతున్నాడని. సీహుడు బెదరలేదు. నా ప్రాణం కోసమైనా తెలిసి తెలిసి ఒక జీవిని చంపను అన్నాడు, వడ్డన కానిచ్చాడు. ఆ తర్వాతే బుద్ధుడు భిక్షువులకు నియమం చేశాడు: తన కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం వచ్చినా ఆ మాంసం తినకూడదు, ఈ మూడూ లేకపోతే దోషం లేదు. దేవదత్తుడు వచ్చి భిక్షువులెవరూ బతికినన్నాళ్లు చేప, మాంసం ముట్టకూడదని కట్టడి చేయమన్నప్పుడు కూడా బుద్ధుడు ఒప్పుకోలేదు. సుత్తనిపాతంలో ఆమగంధ సుత్తం ఉంది. నీచు వాసన మాంసానిది కాదు, హింసది, మోసానిది, కుళ్లుబోతుతనానిది అన్నది దాని సారం. మహాయానంలో లంకావతార సూత్రం మాంసం వద్దంటుంది, అదీ మనకు తెలిసి ఉండాలి. ధమ్మంలో ఈ విషయం మీద ఒక్క మాటే లేదు.

బాబాసాహెబ్ తన చివరి గ్రంథం 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అహింస గురించి రాస్తూ ఒక గీత గీశారు. చంపాల్సిన అవసరం రావడం వేరు, చంపాలనే కోరిక వేరు. యజ్ఞాల బ్రాహ్మణధర్మంలో ఆ కోరికే ఉందని, జైనం ఎట్టి పరిస్థితిలోనూ వద్దనే పట్టు పట్టిందని, బుద్ధుడు నడిమి దారిన నిలబడి అహింసను సూత్రంగా చెప్పాడు తప్ప కరడుగట్టిన నియమంగా కాదని ఆయన అర్థం చేసుకున్నారు. నియమం మనిషిని కట్టేస్తుంది. సూత్రం ఆలోచించుకోమని మనిషికే వదిలేస్తుంది. ఈ తేడా పట్టుకుంటే పిల్లి గిన్నె సంగతి సగం తేలుతుంది.

మీరు మాంసం మానేశారనుకోండి. మంచిది, అది మీ ఇష్టం. మీ ఒళ్లు అందుకు ఒప్పుకుంటుంది. పప్పు, పల్లీలు, పాలు, గుడ్డు సరిగ్గా తింటే మీకే లోటూ రాదు. వద్దనుకునే వీలు ఉన్నవాళ్లు వద్దనుకుంటే అది శీలం. పిల్లికి ఆ వీలు లేదు. దాని కాలేయం దాన్ని అడిగి పుట్టలేదు. మన వ్రతాన్ని తీసుకుపోయి దాని నోటికి కడితే వ్రతం మనది, ఉపవాసం దానిది. దాని కళ్లు పోతుంటే మన ఇల్లు శుభ్రంగా ఉందని సంతోషపడడాన్ని నేను కరుణ అనలేను.

దీనికి ఇంకో పేరుంది. ఆ పేరు మనకు బాగా తెలుసు, శుచి. కొంచెం కటువుగా చెబుతున్నా, ఏమనుకోకండి. మనలో చాలామంది ధమ్మం తీసుకున్నాక నీసు మానడం జీవుల మీద దయతోనేనా? కొందరిది దయే, వాళ్లకు దండం పెడతాను. కానీ నలుగురిలో మర్యాద దొరుకుతుందన్న ఆశ కూడా ఎక్కడో లేదా? హనుమకొండలో కిరాయి ఇల్లు అడగబోతే "మీరు నాన్‌వెజ్ తింటారా" అన్నది ఏం కనుక్కోవడానికో మనకు తెలియదా? 1948లో అచ్చయిన 'అస్పృశ్యులు' పుస్తకంలో బాబాసాహెబ్ గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ముడి ఎట్లా పడిందో చర్చించారు. తిండిని బట్టి మనిషికి మైల అంటగట్టిన దేశం ఇది. ఆ మైల లెక్కను మనమే నెత్తిన పెట్టుకుని బుద్ధుని పటం ముందుకు తెస్తే ఎట్లా? ఆ పిల్లి పటం ముందు ఎలుకను పెట్టిన నాడు ఆ ఇంట్లో వాళ్లకు కలిగింది ఎలుక మీద జాలా, పటం మైలపడిందన్న బాధా? ఇది నేను అడగలేదు, ఆ చెల్లె తనే అడుక్కున్నది. తేల్చి చెప్పలేకపోయింది.

అయితే ఇక్కడితో ఆగితే కోడికి అన్యాయం చేసినవాళ్లం అవుతాం. అంగట్లో ఉన్న మాంసమే కదా, నా కోసం కోయలేదు కదా అని చేతులు దులుపుకోవడానికి సీహుని కథను వాడుకోవద్దు. చూడలేదు, వినలేదు, అనుమానం లేదు అన్న నియమం ఇల్లిల్లూ తిరిగి పెట్టింది తినే భిక్షువుకు చేసింది. మనం డబ్బులిచ్చి కొనేవాళ్లం. రోజూ కొంటే రోజూ కోస్తారు. లెక్క వేద్దాం. పిల్లికి రోజుకు 60 గ్రాముల మెత్తటి కోడి మాంసం అనుకుంటే 12, 13 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఏడాదికి 22 కిలోలు. కోడికి కిలో మెత్తటి మాంసం వస్తుందనుకున్నా, ఏడాదికి ఇరవైకి పైగా కోళ్లు. పిల్లి పది పన్నెండేళ్లు బతుకుతుంది. ముద్దుగా ఉందని పిల్లిని ఎత్తుకొచ్చిన నాడే ఈ కోళ్ల బాధ్యత కూడా ఎత్తుకున్నాం. ఇది తెలిసి తెచ్చుకోవడం ఒకటి, తెలియక తెచ్చుకోవడం ఒకటి. అట్లాగని ఉన్న పిల్లిని తీసుకుపోయి ఎనుమాముల మార్కెట్లో వదిలిపెడితే కోళ్లు బతుకుతాయేమో గానీ అక్కడి ఎలుకలూ పిట్టలూ చస్తాయి, అలవాటు లేని పిల్లీ చస్తుంది. మన కళ్ల ముందు జరగదు, అంతే తేడా.

మాంసం కొట్టాయన సంగతి కూడా చెప్పాలి. ఉపాసకులు చేయకూడని అయిదు వ్యాపారాల్లో మాంసం వ్యాపారం ఒకటని అంగుత్తర నికాయంలో ఉంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడడం తప్పు. మన బస్తీల్లో చికెన్ కొట్టు మీద బతికే ఉపాసకులు ఉన్నారు, వాళ్లకు వేరే బతుకుదెరువు చూపించకుండా వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. కానీ కొనేవాడు శుద్ధం, కోసేవాడు అశుద్ధం అన్న లెక్కను మాత్రం ఒప్పుకోను. చేతికి నెత్తురు అంటకుండా తినడం, నెత్తురు కడిగేవాణ్ణి దూరం పెట్టడం, ఈ దేశంలో కులం నడిచింది ఇట్లానే. కొనడం తప్పయితే ఇద్దరిదీ తప్పే. అవసరమైతే ఇద్దరిదీ అవసరమే.

మరి ఏం చేయాలి? మనుషులు ఇష్టపడి తినే ముక్కే పిల్లికి పెట్టాలని లేదు. కార్జం, కందనకాయ, గుండెకాయ లాంటివి తీసుకోండి. ఎట్లాగూ కోసిన కోడిలోనివి, చవక, పిల్లికి మేలు. కార్జం మాత్రం రోజూ వద్దు, విటమిన్ ఏ ఎక్కువై ఎముకలు పట్టేస్తాయి. ఉల్లిపాయ, ఎల్లిపాయ పిల్లి నెత్తురుకు విషం, కాబట్టి మన కూరలోంచి తీసి పెట్టొద్దు. ఉప్పుకారం లేకుండా విడిగా ఉడకబెట్టి, ఉడికించిన నీళ్లు పారబోయకుండా వాటితోనే పెట్టండి, టారిన్ నీళ్లలోకి దిగుతుంది. ఉడికిన ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి. గుడ్డులో ఆరు గ్రాముల మంచి ప్రొటీన్ ఉంది, కానీ టారిన్ చాలదు, గుడ్డు ఒక్కదానితో నడవదు. ఉత్త మాంసంతోనూ నడవదు, సున్నం తక్కువవుతుంది. అందుకని సంచి మీద ప్రొటీన్ శాతం, టారిన్ ఉన్నాయో లేదో చూసి దాణా కొంత కలపడం చాలామందికి సులువు. విదేశాల్లో ఫ్యాక్టరీలో తయారైన టారిన్ కలిపి మాంసం లేని పిల్లి దాణా కూడా చేస్తున్నారు. డాక్టరు చూపు కింద అది వేరే సంగతి, మన పెరుగన్నానికి దానితో పోలిక లేదు. మూత్రపిండాల జబ్బున్న పిల్లికి ఈ లెక్కలు మారతాయి, డాక్టరు మాటే వినండి. అన్నిటికన్నా ముందు పిల్లికి ఆపరేషన్ చేయించండి. ఈతకు నాలుగైదు పిల్లలు, వాటికి మళ్లీ పిల్లలు, వాటన్నిటికీ ఎన్ని కోళ్లో మీరే లెక్క వేసుకోండి.

పిల్లికి ఇంత లెక్క చెప్పినవాణ్ణి పిల్లల మాట ఎత్తకుండా పోలేను. ఆ చెల్లెను అడిగాను, నీసు మానేశాక ఇంట్లో పిల్లలకు ఏం పెడుతున్నావని. గుడ్డు కూడా మానిపించామన్నది, పప్పు వారానికి రెండుసార్లట. ఎదిగే పిల్లలకు పెద్దవాళ్లకన్నా కిలోకు ఎక్కువ ప్రొటీన్ కావాలి. సర్కారు ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు గుడ్డూ, 200 మిల్లీలీటర్ల పాలూ ఇస్తున్నది ఊరికే కాదు. గుడ్డు వద్దనుకుంటే పప్పు రోజూ ఉండాలి, పల్లీలు ఉండాలి. ఈ మాట ఆమెకు పిల్లి మాట కన్నా ఎక్కువ తగిలింది.

తర్వాత రెండు నెలలకు వాళ్లింటికి పోయాను. పిల్లి ఒళ్లు చేసింది, బొచ్చు నున్నగా ఉంది. చీకట్లో మాత్రం తడుముకుంటూనే నడుస్తున్నది. అది అంతేనని డాక్టరు ముందే చెప్పాడట. మాంసం ఉడకబెట్టే గిన్నె వంటింట్లో లేదు. బయట గోడకు మేకు కొట్టి తగిలించారు. నేను చూశాను గానీ ఏమీ అనలేదు. చాయ్ ఇస్తూ ఆ చెల్లె తనే అన్నది, "మా నాయిన చిన్నప్పుడు ఊళ్లె హోటల్ల చాయ్ తాగితే, మనోళ్ల గ్లాసు గిట్లనే బయట ఉండేదట. కడుక్కొని అక్కడనే పెట్టాలె." కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను బయల్దేరేటప్పటికి గిన్నె మేకు మీద లేదు. లోపల మిగతా గిన్నెల్లో కలిపిందో, ఇంకోచోట పెట్టిందో నేను అడగలేదు.

కూతురు వాకిట్లోకి వచ్చి ఇంకో ప్రశ్న అడిగింది. ఈ పిల్లి తర్వాత ఇంకో పిల్లిని తెచ్చుకోవచ్చా అని. వద్దనలేదు, తెచ్చుకోమనీ అనలేదు. ఏడాదికి ఇరవై కోళ్ల లెక్క చెప్పాను. వేళ్ల మీద లెక్కబెట్టుకుని, "ఆలోచిస్త మామా" అన్నది.